వీసా వచ్చింది సరే, ఏ వీసా?

జగిత్యాల: ఇక్కడి పల్లెల్లో మనిషి కువైట్ పోయినా, సౌదీ పోయినా, మస్కట్ పోయినా "దుబాయి పోయిండు" అనే అంటారు. ఊళ్ళో మాటకు అది చాలు. విమానాశ్రయంలో కౌంటరు వెనుక కూర్చున్న అధికారికి మాత్రం చాలదు. ఏ దేశం, ఎవరి దగ్గర, ఏ పనికి, ఎన్నాళ్ళకు అన్న నాలుగు సంగతులూ వీసా కాగితం మీద రాసి వుంటాయి. ఆ కాగితం ఇంగ్లీషులోనో, అరబ్బీలోనో వుంటుంది. దాన్ని చదువుకోలేనివాడికి ఏజెంటు చెప్పిన మాటే వీసా. గల్ఫు కష్టాలుగా మనం చెప్పుకొనే వాటిలో చాలావాటికి మొదలు ఇక్కడే వుంది.

వలస ఈ ప్రాంతానికి కొత్త కాదు. భీవండి, షోలాపూర్, సూరత్, బొంబాయి మగ్గాల మీద బతికిన కుటుంబాలు ఎన్నో వున్నాయి. 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగి గల్ఫు రాజ్యాల చేతిలో డబ్బు ఆడిన దరిమిలా, రోడ్లు, రేవులు, మేడలు కట్టడానికి వాళ్ళకు మనుషులు కావలసి వచ్చారు. అప్పటికి మన దేశంలో వున్నది బ్రిటిషువారి కాలం నాటి 1922 వలస చట్టం. తేయాకు, చెరకు తోటలకు కూలీలను ఓడ లెక్కించిన రోజుల చట్టం అది. దాని స్థానంలో 1983లో కొత్త చట్టం తెచ్చారు. నాలుగు దశాబ్దాలకు పైగా గల్ఫు ప్రయాణాన్ని నడిపిస్తూ వచ్చింది ఈ చట్టమే. ఊళ్ళో సబ్ ఏజెంటు నోటి వెంట దీని పేరు ఒక్కసారైనా రాదు. అందుకు కారణం లేకపోలేదు. ఆ సంగతి తరువాత.

కంపెనీ, విజిట్, ఆజాద్

పల్లెలో వినిపించే వీసా పేర్లు మూడు. కంపెనీ వీసా, విజిట్ వీసా, ఆజాద్ వీసా. ఈ మూడింటిలో చట్టం దృష్టిలో పనికి పనికివచ్చేది మొదటిది ఒక్కటే.

విజిట్ వీసా అంటే చుట్టపుచూపు వీసా. చూసి రమ్మని నెలకో, రెండు నెలలకో ఇచ్చే అనుమతి. దానిమీద పనిచేయడం అక్కడ నేరం. చేసినవాడికీ, చేయించుకొన్నవాడికీ శిక్ష వుంది. ఏజెంటు చెప్పేది వేరు. "ముందు విజిట్ మీద పో, అక్కడ దిగినంక కంపెనీ వీసాకు మారుస్తరు" అంటాడు. ఈ మాటలో పూర్తి అబద్ధం లేదు, చిక్కంతా అక్కడే వచ్చింది. యు.ఏ.ఇ. (దుబాయి, అబుదాబి, షార్జా వగైరా) లోపల వుండగానే వీసా మార్చుకొనే వీలు కొందరికి దొరుకుతుంది. మారినవాడు పండుగకు ఊరికి వచ్చి కొత్త బండి కొంటాడు, వాణ్ణి చూసి నలుగురు బయలుదేరతారు. మారనివాడు ఊరికి రాలేడు కాబట్టి వాడి కథ ఊరికి తెలియదు.

మారనివాడి లెక్క ఇది. వీసా గడువు దాటిన తరువాత యు.ఏ.ఇ.లో వున్న ప్రతి రోజుకూ 50 దిర్హముల జరిమానా. నెలకు 1,500 దిర్హములు. దిర్హము 23 రూపాయల లెక్కన వేసుకొన్నా నెలకు 34,500 రూపాయలు. దొంగచాటుగా కట్టడం పనిలోనో, లాండ్రీలోనో సంపాదించే జీతం ఈ జరిమానాకే సరిపోదు. ఇక్కడ అప్పు వుండనే వుంది. నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చినవాడు నెలకు 2,000 వడ్డీ కట్టాలి. అంటే రెండు దేశాల్లో రెండు మీటర్లు ఒకేసారి తిరుగుతున్నాయన్నమాట. కాగితాలు లేకుండా ఇలా మిగిలిపోయిన వారిని గల్ఫులో "ఖల్లివెల్లి" అంటారు. జబ్బు చేస్తే ఆసుపత్రికి పోలేడు, జీతం ఎగ్గొడితే పోలీసు దగ్గరకు పోలేడు, తల్లి పోయిందని తెలిసినా విమానం ఎక్కలేడు.

ఇలాంటి వారి కోసం అక్కడి ప్రభుత్వాలు అప్పుడప్పుడు క్షమాభిక్ష ప్రకటిస్తాయి. యు.ఏ.ఇ. 2007లో ఒకసారి, 2012 చివర ఒకసారి, 2018లో ఒకసారి ప్రకటించింది. 2024 సెప్టెంబరు 1న మళ్ళీ మొదలుపెట్టి రెండు నెలలు అనుకొన్నదాన్ని డిసెంబరు 31 దాకా పొడిగించింది. కువైట్ 2024 మార్చి 17 నుంచి జూన్ నెలాఖరు వరకు గడువు ఇచ్చింది. సౌదీ 2017లో 90 రోజులు ఇచ్చి ఆపైన పొడిగించింది. క్షమాభిక్ష వచ్చిన ప్రతిసారీ తెలుగువారు జరిమానా లేకుండా బయటపడుతూనే వున్నారు. అవుట్‌పాస్ చేతబట్టుకొని, ఒక్క సంచితో శంషాబాద్‌లో దిగుతున్నారు. ఇన్నిసార్లు ప్రకటించవలసి వచ్చిందంటే ఖల్లివెల్లిల తయారీ ఆగలేదన్నది స్పష్టం. ఆ తయారీ అక్కడ మొదలు కావడం లేదు. విజిట్ వీసా చేతిలో పెట్టి పంపే ఇక్కడే మొదలవుతోంది.

ఒకప్పుడు పట్టుబడి వచ్చినవారు పేరు మార్చి, కొత్త పాస్‌పోర్టు సంపాదించి మళ్ళీ పోయేవారు. ఆ దారి మూసుకుపోయి చాలాకాలమైంది. వేలిముద్రలు సరే, యు.ఏ.ఇ.లో కంటిపాపను కూడా యంత్రం మీద చూసి దాచుకొంటున్నారు. పేరు మారినా కన్ను మారదు. అక్కడి విమానాశ్రయంలోనే పట్టుకొని తిరుగు విమానం ఎక్కిస్తారు. ఇక్కడ పాస్‌పోర్టు కోసం తప్పుడు వివరాలు ఇచ్చినందుకు 1967 పాస్‌పోర్టు చట్టం కింద రెండేళ్ళ దాకా జైలు వేరే వుంది.

ఇక ఆజాద్ వీసా. ఆజాద్ అంటే స్వేచ్ఛ. పేరు బాగుంది గాని, ఆ పేరుతో ఏ దేశమూ వీసా ఇవ్వదు. జరిగేది ఏమంటే, సౌదీలోనో, కువైట్‌లోనో ఒక యజమాని – మనవాళ్ళు కఫీల్ అంటారు – తనకు పనివాడు కావాలని ప్రభుత్వం నుంచి వీసా తీసుకొని దాన్ని అమ్ముకొంటాడు. కొన్నవాడు కాగితం మీద కఫీల్ దగ్గర, నిజంలో ఎక్కడ దొరికితే అక్కడ పని చేస్తాడు. అకామా రెన్యూవల్ వచ్చినప్పుడల్లా కఫీల్ చెయ్యి చాపుతాడు. ఇవ్వకపోతే "నా పనివాడు పారిపోయాడు" అని ఒక ఫిర్యాదు పెడతాడు. సౌదీలో దీన్ని హురూబ్ అంటారు. ఆ క్షణం నుంచి వాడు నేరస్థుడు. స్వేచ్ఛ అని కొన్నదాని తాళంచెవి మరొకరి జేబులో వుందని అప్పుడు తెలుస్తుంది.

కంపెనీ వీసా అయినంత మాత్రాన గుండె మీద చెయ్యి వేసుకొని నిద్రపోవచ్చునా అంటే అదీ లేదు. అందులో "ప్రొఫెషన్" అన్న గడి ఒకటి వుంటుంది. ఏజెంటు డ్రైవర్ పని అంటాడు, గడిలో గొర్రెల కాపరి అని వుంటుంది. ఎడారిలో ఒంటెల దగ్గర, గొర్రెల దగ్గర దిక్కులేకుండా పడివుండి ఫోనులో ఏడుస్తూ వీడియో పంపే వారిలో చాలామందికి వీసా దొంగది కాదు. అందులో రాసిన పనే వాళ్ళు చేస్తున్నారు. చదవకుండా పోయారు, అంతే. ఇంటర్మీడియట్ చదువుతున్న పిల్లవాడి చేత ఆ ఒక్క గడి చదివించుకొంటే రెండు నిమిషాల పని. సౌదీ, యు.ఏ.ఇ. వీసాలయితే నంబరు, పాస్‌పోర్టు నంబరు కొట్టి అక్కడి ప్రభుత్వ వెబ్‌సైటులోనే అసలుదో నకలుదో చూసుకోవచ్చు.

పదో తరగతి గీత

మన ప్రభుత్వం పాస్‌పోర్టులను రెండు రకాలుగా విడగొట్టింది. పదో తరగతి తప్పినవారికి, చదవనివారికి "ఇ.సి.ఆర్." ముద్రతో ఇస్తారు. అంటే వీరు పనికోసం గల్ఫు దేశాలతో సహా 18 దేశాలకు పోవాలంటే ముందుగా వలసదారుల సంరక్షక అధికారి అనుమతి తీసుకోవాలి. హైదరాబాద్‌లో ఆ కార్యాలయం వుంది. గల్ఫులోని ఆరు దేశాలే కాకుండా ఇరాక్, జోర్డాన్, లెబనాన్, లిబియా, మలేషియా, థాయిలాండ్ వంటివి కూడా ఈ 18లో వున్నాయి. పదో తరగతి పాసయినవారికి, ఆదాయపు పన్ను కట్టేవారికి, 50 ఏళ్ళు దాటినవారికి ఈ ముద్ర వుండదు.

ఊళ్ళో ఈ ముద్రను శనిలా చూస్తారు. ఏజెంటు కూడా అలాగే చెబుతాడు. నిజానికి ఆ ముద్ర వెనుక నాలుగు రక్షణలు వున్నాయి. విదేశీ యజమాని ఇ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోవాలి. జీతం, పని, తిండి, వసతి ఏమిటన్న ఒప్పంద పత్రం అందులో పెట్టాలి. రిజిస్టరయిన ఏజెంటు ద్వారానో, అనుమతి పొంది నేరుగానో మనిషిని తీసుకోవాలి. పోయే మనిషి ప్రవాసీ భారతీయ బీమా చేయించుకోవాలి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా అవిటివాడయినా 10 లక్షలు వస్తాయి. 2003లో మొదలయిన ఈ బీమాను 2017లో సవరించిన తరువాత, మనిషి యజమాని మారినా, చోటు మారినా డబ్బు ఇవ్వవలసిందే.

విజిట్ వీసా మీద ఇ.సి.ఆర్. మనిషిని ఎక్కించినప్పుడు ఈ నాలుగూ ఒక్క దెబ్బతో తుడిచిపెట్టుకుపోతాయి. కాగితం మీద వాడు కూలికి పోవడం లేదు, షికారుకు పోతున్నాడు! పార పట్టి కాయలు కాచిన చేతులను చూసి ఇమిగ్రేషన్ అధికారి "హోటల్ ఎక్కడ, తిరుగు టికెట్ ఏది, చేతిలో డబ్బు ఎంత" అని అడిగితే ఏజెంటు నేర్పిన జవాబు గొంతులో ఆగిపోతుంది. అలా శంషాబాద్ నుంచే వెనక్కు వచ్చినవారు వున్నారు. ఇక్కడ దాటినా అక్కడ దాటాలి. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ లేక బంధువుల చిరునామా, ఖర్చుకు డబ్బు చూపమని దుబాయిలో 2024 నుంచి గట్టిగా అడుగుతున్నారు.

అసలు లోపం మరొకటి వుంది. ఈ గీత గీసిన రోజుల్లో పదో తరగతి పాసయినవాడంటే ఊళ్ళో చదువుకొన్నవాడు, తన కాలు మీద తాను నిలబడగలడు అనుకొన్నారు. ఇప్పుడు గల్ఫు పోతున్న కుర్రవాళ్ళలో పదో తరగతి, ఇంటర్ అయినవారు కొల్లలు. వారు చేసేదీ అదే కూలి, అదే క్యాంపులో అదే మంచం. వారి పాస్‌పోర్టు మీద ముద్ర లేదు గనుక అనుమతి అక్కరలేదు. అనుమతి లేదు గనుక ఒప్పంద పత్రం ఎక్కడా నమోదు కాదు, బీమా తప్పనిసరి కాదు. చదువుకొన్నందుకు రక్షణ పోయిందన్నమాట. కేంద్ర ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక పోలేదు. ముద్ర లేనివారు కూడా పోయేముందు పేరు నమోదు చేసుకోవాలని 2018 నవంబరులో ప్రకటించింది. ఇబ్బంది అవుతుందని గోల రేగగానే అదే నెలలో వెనక్కు తీసుకొంది. ఇబ్బంది పడకుండా పోయినవారు ఎక్కడ పనిచేస్తున్నారో, ఎంత జీతానికి పనిచేస్తున్నారో చెప్పగల దస్త్రం ఏ కార్యాలయంలోనూ లేకుండా పోయింది.

ఇంటిపేరు తెచ్చిన తంటా

పాస్‌పోర్టు సంగతే మరొకటి. 2022 నవంబరులో యు.ఏ.ఇ. ఒక నిబంధన తెచ్చింది. పాస్‌పోర్టులో ఒకే పేరు వుండి, ఇంటిపేరు గడి ఖాళీగా వుంటే విజిట్ వీసా మీద రానివ్వబోమన్నది. ఇంటిపేరు ముందు రాసుకొనే తెలుగువారికి ఏ గడిలో ఏది రాయాలన్నది ఎప్పుడూ తికమకే. మొత్తం పేరును ఒకే గడిలో రాయించుకొన్నవారు, ఇంటిపేరు వదిలేసినవారు చాలామంది వున్నారు. వెనుక పేజీలో తండ్రి పేరు వుంటే సరేనని తరువాత కొంత వెసులుబాటు ఇచ్చారు గాని, కొత్తగా దరఖాస్తు పెట్టేవారు ముందే రెండు గడులూ నింపుకోవడం మంచిది. ఆధార్‌లో ఒక తీరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక తీరు పేరు వుంటే ఆ గొడవ ముందు తీర్చుకోవాలి. గడువు ఆరు నెలల కన్నా తక్కువ వున్న పాస్‌పోర్టును గల్ఫు దేశాలు ఒప్పుకోవు.

వైద్య పరీక్ష విషయంలోనూ డబ్బు పోగొట్టుకొంటున్నారు. క్షయ, కామెర్లు, ఎయిడ్స్ వంటి వాటికి గుర్తింపు వున్న కేంద్రంలోనే పరీక్ష చేయించాలి. ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన క్షయ మచ్చ ఎక్స్‌రేలో కనిపించినా "అన్‌ఫిట్" అనవచ్చు. ఏజెంటు ముందు డబ్బు కట్టించుకొని తరువాత పరీక్షకు పంపుతాడు. అన్‌ఫిట్ అయితే "మా ఖర్చులు పోను" అని సగం చేతిలో పెడతాడు, అదీ పెడితే. వరస తిరగేస్తే ఈ నష్టం వుండదు. ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్ వంటి పనులకు సౌదీ ఇప్పుడు ఇక్కడే పరీక్ష పెట్టి, పని వచ్చునని తేలితేనే వీసా ఇస్తున్నది. పేరుకు వెల్డర్ వీసా మీద పోయి అక్కడ పార పట్టే రోజులు తగ్గుతున్నాయి.

ఆడవారి ప్రయాణం

ఇళ్ళలో పనికి పోయే ఆడవారి విషయంలో నిబంధనలు ఇంకా గట్టివి, మోసం కూడా అంతకంత. ఇ.సి.ఆర్. ముద్ర వున్న స్త్రీకి 30 ఏళ్ళు నిండనిదే అనుమతి ఇవ్వరు. 2016 ఆగస్టు నుంచి వీరిని ప్రైవేటు ఏజెంట్లు పంపడానికి వీల్లేదు. ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ ఇలాంటివే. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ పోయే స్త్రీలు ఏళ్ళ తరబడి ఎక్కువగా వున్నారు. ఇటు నుంచీ పోతున్నారు. నిబంధన గట్టిపడినకొద్దీ ఏజెంట్లు అడ్డదారి వెతికారు. విజిట్ వీసా మీద దుబాయి దాకా, అక్కడి నుంచి మస్కట్‌కో, మరెక్కడికో. మధ్యలో చేతులు మారుతున్న కొద్దీ ఆమె మీద "ఖర్చు" పెరుగుతుంది. ఇంట్లో కష్టం భరించలేక పోతానంటే ఆ ఖర్చు కట్టి పొమ్మంటారు.

కువైట్‌లో ఇంటి పనివారి వీసాను 20వ నంబరు వీసా అంటారు. కంపెనీలో చేసేవారిది 18వ నంబరు. 20వ నంబరు మీద పోయినవారు ఆ ఇంట్లో తప్ప మరెక్కడ పని చేసినా నేరమే. 20 నుంచి 18కి మారే అవకాశం 2024లో జూలై 14 నుంచి సెప్టెంబరు 12 వరకు రెండు నెలలు మాత్రం ఇచ్చారు. ఇంటి పనివారికి వారానికి ఒక రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని అని కువైట్ 2015లోనే చట్టం చేసింది. నాలుగు గోడల మధ్య ఆ చట్టం ఎంతవరకు నడుస్తుందన్నది పోయివచ్చినవారిని అడిగితే తెలుస్తుంది.

పోవడానికే కాదు, రావడానికి కూడా అనుమతి కావలసిన రోజులు కువైట్‌లో మళ్ళీ వచ్చాయి. 2025 జూలై 1 నుంచి 18వ నంబరు వారు దేశం విడిచి రావాలంటే, సెలవు మీదనైనా సరే, యజమాని ఒప్పుకొన్న అనుమతి పత్రం వుండాలి. ఖతార్ ఇదే పద్ధతిని 2018, 2020 సంవత్సరాల్లో దాదాపు అందరికీ ఎత్తివేసింది. ఒకరు తలుపు తీస్తే మరొకరు వేస్తున్నారు. ఇంట్లో పెళ్ళి, చావు వుంటే టికెట్ కొనేముందు ఈ పత్రం సంగతి చూసుకోవాలి.

కంప్యూటర్ ఉద్యోగం పేరుతో

డిగ్రీ చదివిన కుర్రవాళ్ళకు వలవేసే దారి వేరు. థాయిలాండ్, కంబోడియాల్లో కంప్యూటర్ ఉద్యోగం, ఏసీ గది, పెద్ద జీతం అంటారు. పర్యాటక వీసా మీద, లేదా వీసా అక్కరలేని వెసులుబాటు మీద తీసుకుపోతారు. వీసా సులభంగా దొరకడమే ఇక్కడ ఉచ్చు. థాయిలాండ్‌లో దిగినవారిని సరిహద్దు నది దాటించి మయన్మార్‌లోకి తోలుకుపోయి, పాస్‌పోర్టు లాక్కొని, ఫోనుల్లో, కంప్యూటర్లలో జనాన్ని మోసం చేసే పనిలో పెడుతున్నారు. కేంద్ర విదేశాంగ శాఖ 2022 నుంచి హెచ్చరిస్తూనే వుంది. 2024 మే నెలలో కంబోడియా ముఠాల చేతిలో చిక్కిన ఆంధ్ర యువకుల వ్యవహారం విశాఖ పోలీసులు బయటపెట్టారు. 2025 మార్చిలో మయన్మార్ నుంచి బయటపడ్డ 500 మందికి పైగా భారతీయులను వైమానిక దళం విమానాల్లో తీసుకురావలసి వచ్చింది. ఉద్యోగానికి పిలిచిన కంపెనీ ఉద్యోగ వీసా ఎందుకు పంపడం లేదన్న ప్రశ్న వీరిలో ఎవరైనా ముందే అడిగివుంటే జవాబు దొరికేది కాదు.

ఏజెంటుకు ఏం భయం?

ఇప్పుడు ఏజెంటు సంగతి. ప్రభుత్వం దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా విదేశాలకు మనుషులను పంపడం 1983 చట్టం ప్రకారం నేరం. రిజిస్టరయిన ఏజెంటు 50 లక్షల రూపాయల దాకా బ్యాంకు గ్యారంటీ పెట్టాలి. మోసం జరిగితే కార్మికుడికి ఇప్పించడానికే ఆ సొమ్ము. అతడు కార్మికుడి నుంచి తీసుకోదగిన ఫీజు 30 వేలు, దానిమీద జి.ఎస్.టి. 18 శాతం. మొత్తం 35,400 రూపాయలు. అదీ రసీదు ఇచ్చి. ఊళ్ళలో తన తరఫున సబ్ ఏజెంట్లను పెట్టుకోవడానికి అతడికి అనుమతి లేదు. యు.ఏ.ఇ. 2021 నాటి కార్మిక చట్టం ప్రకారమయితే నియామకపు ఖర్చు యజమానే భరించాలి, కార్మికుడి నుంచి రాబట్టకూడదు. ఈ లెక్కలు వింటే లక్షలు పోసి వీసా కొన్నవారికి నవ్వాలో ఏడవాలో తెలియదు.

మరి చట్టం ఇంత వుండగా మోసం ఎలా సాగుతున్నది? ఆ చట్టంలోని 24వ సెక్షన్ చూస్తే కొంత అర్థమవుతుంది. రిజిస్ట్రేషన్ లేకుండా మనుషులను పంపినవాడికి శిక్ష రెండేళ్ళ దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా. రెండు వేలు! 1983లో అది చెప్పుకోదగ్గ మొత్తమే. ఇవాళ ఒక్క మనిషిని దాటిస్తే మిగిలేదానిలో అది చిల్లర. పోలీసులు మోసం కేసు కూడా పెడతారు. పాత శిక్షాస్మృతిలో 420, 2024 జూలై నుంచి కొత్త న్యాయసంహితలో 318. కేసు నిలబడాలంటే డబ్బు ఇచ్చినట్టు రుజువు కావాలి. ఊళ్ళో డబ్బు చేతిలో పెడతారు, రసీదు అడగరు. ఏజెంటు చాలాసార్లు బంధువో, చుట్టమో, ఒకప్పుడు కలిసి క్యాంపులో వున్నవాడో అయివుంటాడు. వాడికి పైన ఎవరు వున్నారో వాడికే సరిగ్గా తెలియదు. ఫిర్యాదు చేయవలసినవాడు ఎడారిలో వుంటాడు, భార్య పోలీసు స్టేషన్ మెట్లు ఎక్కాలి. పెద్దమనుషులు కూర్చోబెట్టి సగం ఇప్పిస్తే చాలనుకొని ఊరుకొంటారు. ఆ సగం తిరిగి ఇచ్చినవాడు మిగిలిన సగంతో మరొకరిని పంపిస్తాడు.

మనిషి పోతే

వీసా రకం తేడా అన్నిటికన్నా కఠినంగా తెలిసేది మరణం వచ్చినప్పుడు. కంపెనీ వీసా మీద వున్నవాడు పోతే శవాన్ని పంపే బాధ్యత కంపెనీది. రావలసిన జీతం, సర్వీసు డబ్బు వారసులకు ఇవ్వాలి. ఖల్లివెల్లి పోతే పంపేవాడు లేడు. జరిమానాల లెక్క, పోలీసు కాగితాలు తేలాలి. రాయబార కార్యాలయంలో 2009లో పెట్టిన సంక్షేమ నిధి ఒకటి వుంది, దాని నుంచి ఖర్చు పెట్టమని అడగవచ్చు. అడిగేవారు వుండాలి, కాగితాలు కదలాలి. ఇక్కడ ఇంటివారు ఫ్రీజర్ పెట్టె కోసం రోజులు లెక్కపెట్టుకొంటారు.

బీమాలో కూడా ఒక మెలిక వుంది. 10 లక్షలు ప్రమాదంలో పోతేనే. 50 డిగ్రీల ఎండలో పనిచేసి వచ్చి రాత్రి నిద్రలో గుండె ఆగితే అది ప్రమాదం కిందకు రాదు. గల్ఫు నుంచి వచ్చే పెట్టెల మీద గుండెపోటు అన్న మాట ఎంత తరచుగా కనిపిస్తుందో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. ఈ లోటు కొంత పూడ్చడానికి తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులు ఇచ్చింది. 2023 డిసెంబరు 7వ తేదీ, ఆ తరువాత గల్ఫు దేశాల్లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇస్తారు. దరఖాస్తు జిల్లా కలెక్టరుకు పెట్టుకోవాలి. మరణ ధ్రువపత్రం, రద్దయిన పాస్‌పోర్టు, వీసా కాగితాల నకళ్ళు ఇంట్లో ఒక సెట్టు వుంచుకొంటే ఆ రోజున వెతుక్కొనే పని తప్పుతుంది. పోయేవాడు తన అకామా, బతాకా ఫోటోలను భార్యకు వాట్సాప్‌లో పంపి వుంచినా చాలు.

1983 చట్టాన్ని తీసివేసి కొత్తది తేవాలన్న మాట చాలా ఏళ్ళుగా నలుగుతోంది. 2021లో ఒక ముసాయిదా వచ్చి ఆగింది. 2025 అక్టోబరులో విదేశాంగ శాఖ మరొక ముసాయిదా బిల్లును బయటపెట్టి నవంబరు 7 లోగా ప్రజలు అభిప్రాయాలు చెప్పాలన్నది. నాలుగు దశాబ్దాల నాటి చట్టం మార్చడానికి కొద్ది వారాల గడువు. అదీ ఇంటర్‌నెట్‌లో. గల్ఫులో కొడుకు వున్న ఏ తల్లీ ఆ ముసాయిదా చూసి వుండదు.

ఈలోగా ఎవరైనా వీసా వచ్చిందని అంటే, ఆ ఏజెంటుకు రిజిస్ట్రేషన్ వుందో లేదో ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో పేరు కొట్టి చూసుకోవచ్చు. మీసేవ కేంద్రంలోనో, చదువుకొన్న పిల్లల ఫోనులోనో అయిపోయే పని. విదేశాంగ శాఖ సహాయ కేంద్రం ఫోను నంబరు 1800 11 3090. డబ్బు పడదు, రాత్రింబగళ్ళు పనిచేస్తుంది. హైదరాబాద్‌లో ప్రవాసీ సహాయతా కేంద్రం కూడా వుంది. అక్కడికి ఇప్పటిదాకా ఎక్కువగా పోతున్నది, మనిషి అక్కడ చిక్కుకొన్న తరువాత ఇంటివారు. పోకముందు వీసా కాగితం పట్టుకొని వచ్చి "ఇందులో ఏం రాసివుంది" అని అడిగినా చెబుతారు.